కిడ్నీ మార్పిడి తర్వాత చిగుళ్లు పెరుగుతున్నాయా? గోలీ మాత్రం ఆపొద్దు.. ముందు ఇది తెలుసుకోండి!

కిడ్నీ మార్పిడి సక్సెస్ అయింది. క్రియాటినిన్ దిగొచ్చింది. డయాలసిస్ బాధ తప్పింది. హమ్మయ్య అనుకుంటున్న టైమ్‌లో కొందరికి కొత్త ఇబ్బంది మొదలవుతుంది. ముందు పళ్ల మధ్య చిగురు ఉబ్బుతుంది. బ్రష్ పెడితే రక్తం వస్తుంది. కొన్ని నెలలు గడిచేసరికి చిగురు పంటి మీదకు పాకి, నవ్వాలన్నా చేయి అడ్డం పెట్టుకునే పరిస్థితి వస్తుంది.

ఇది చాలాసార్లు మందుల వల్ల వచ్చే మార్పు. శరీరం కొత్త కిడ్నీని తోసిపుచ్చకుండా రోజూ వేసుకునే ఇమ్యూనోసప్రెసెంట్ మందులే కొందరిలో చిగుళ్ల మీద కూడా పనిచేస్తాయి. దీనికి చికిత్స ఉంది. అయితే భయపడి సొంతంగా మందు ఆపేస్తే మాత్రం పోయేది చిగురు కాదు.. కిడ్నీ!

వరంగల్, హనుమకొండ, కాజీపేటతో పాటు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు నుంచి చాలామంది డయాలసిస్‌కు ఎంజీఎం ఆస్పత్రికో, ఇక్కడి ప్రైవేటు ఆస్పత్రులకో వస్తుంటారు. మార్పిడి ఆపరేషన్‌కు వచ్చేసరికి ఎక్కువ మంది హైదరాబాద్ వెళ్తారు. అవయవదానాన్ని చూసే జీవన్‌దాన్ కార్యక్రమం కూడా 2013 నుంచి అక్కడి నిమ్స్ కేంద్రంగానే నడుస్తోంది. అంటే కిడ్నీ డాక్టర్ హైదరాబాద్‌లో, పంటి డాక్టర్ ఇంటి దగ్గర! ఈ ఇద్దరి మధ్య సమాచారం మోసేది పేషెంట్ ఒక్కరే. అందుకే ఈ విషయం పేషెంట్‌కు, ఇంట్లో వాళ్లకు తెలిసి ఉండటం చాలా ముఖ్యం.

ఇమ్యూనోసప్రెసెంట్ అంటే ఏంటి?

మన రోగనిరోధక వ్యవస్థ పని బయటి నుంచి వచ్చినదాన్ని గుర్తుపట్టి దాడి చేయడం. వేరే మనిషి కిడ్నీని కూడా అది 'బయటి వస్తువు'గానే చూస్తుంది. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే టీమ్ చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి ఒకేలాంటి కవలల మధ్య జరిగింది. అందుకే దాడి జరగలేదు. కవలలు కాని వాళ్ల మధ్య మార్పిడి జరగాలంటే ఆ దాడిని అదుపులో పెట్టే మందు కావాలి. అదే ఇమ్యూనోసప్రెసెంట్.

ఈ మందులు కిడ్నీ పేషెంట్లకు మాత్రమే ఇస్తారనుకుంటే పొరపాటే. లివర్, గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లకు, కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్ ఉన్నవాళ్లకు, నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు కూడా వీటిలో ఏదో ఒకటి రాస్తారు.

ఏ మందు.. నోట్లో ఏం చేస్తుంది?

* సైక్లోస్పోరిన్: చిగుళ్లు పెరగడానికి పేరుపడ్డ మందు ఇదే.
* టాక్రోలిమస్: ఇప్పుడు కిడ్నీ మార్పిడి తర్వాత ఎక్కువగా రాసేది ఇదే. దీంతో చిగుళ్లు పెరగడం చాలా తక్కువ.
* స్టెరాయిడ్లు (ప్రెడ్నిసోలోన్ లాంటివి): నోట్లో ఫంగస్, గాయం ఆలస్యంగా మానడం, దీర్ఘకాలంలో ఎముక బలహీనపడటం.
* మైకోఫెనోలేట్, అజాథయోప్రిన్: తెల్ల రక్తకణాలు తగ్గితే ఇన్ఫెక్షన్లు, నోటి పుండ్లు రావొచ్చు.
* సిరోలిమస్, ఎవెరోలిమస్: నోట్లో మంటపుట్టే పుండ్లు వీటికి తెలిసిన సైడ్ ఎఫెక్ట్.
* మెథోట్రెక్సేట్: కీళ్లవాతానికి వాడే మందు. డోస్ తేడా వస్తే ముందు నోట్లోనే తెలుస్తుంది. దీని కథ కింద విడిగా చెప్పుకుందాం.

సైక్లోస్పోరిన్ పుట్టుక కూడా ఆసక్తికరమే. నార్వేలోని మట్టి నమూనాలో దొరికిన ఒక ఫంగస్ నుంచి స్విట్జర్లాండ్ కంపెనీ శాండోజ్ దీన్ని తీసింది. 1978లో ఇంగ్లాండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో డాక్టర్ రాయ్ కాల్నే టీమ్ దీన్ని మార్పిడి పేషెంట్లకు వాడటం మొదలుపెట్టింది. 1983లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవయవ మార్పిడి చరిత్రను మార్చిన మందు ఇది. దీంతో చిగుళ్లు పెరుగుతున్నాయన్న రిపోర్టులు కూడా దాదాపు అదే సమయంలో రావడం మొదలైంది.

అసలు చిగురు ఎందుకు పెరుగుతుంది?

చిగురులో ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు ఉంటాయి. కొలాజెన్ అనే పోగులను తయారు చేసేదీ, పాతబడ్డవాటిని తొలగించేదీ ఇవే. రోజూ కొంత కట్టడం, కొంత కూల్చడం.. రెండూ సమానంగా నడిస్తే చిగురు ఉన్నంతలో ఉంటుంది. సైక్లోస్పోరిన్ ఈ లెక్కను తప్పిస్తుంది. ముఖ్యంగా కూల్చే పని నెమ్మదిస్తుంది. దాంతో కొలాజెన్ పోగుపడుతుంది, చిగురు మందమవుతుంది.

దీనికి తోడయ్యేది పాచి. పంటి మీద పాచి ఉంటే చిగురుకు వాపు వస్తుంది. వాచిన చిగురు మీద మందు ప్రభావం ఇంకా పెరుగుతుంది. పెరిగిన చిగురు కింద బ్రష్ అందదు కాబట్టి అక్కడ మళ్లీ పాచి చేరుతుంది. ఇదొక చక్రం! మందును మనం ఆపలేం కానీ పాచిని ఆపగలం. ఈ ఆర్టికల్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి పాయింట్ ఇదే.

సాధారణంగా మందు మొదలైన 1 నుంచి 3 నెలల్లో మార్పు కనిపించడం మొదలవుతుంది. ముందు వరస పళ్ల మధ్య ఉండే త్రికోణపు చిగురు దగ్గర మొదలై, పంటి బయటి వైపు ఎక్కువగా కనిపిస్తుంది. పళ్లు లేని చోట ఇది చాలా అరుదు.

ఎవరికి రిస్క్ ఎక్కువ?

సైక్లోస్పోరిన్ వాడే అందరికీ ఇది రాదు. పెద్దల్లో సుమారు 25 నుంచి 30 శాతం మందిలో కనిపిస్తుందని డెంటల్ పుస్తకాలు చెప్తుంటాయి. స్టడీని బట్టి ఈ అంకె బాగా మారుతుంది. కింది వాళ్లకు రిస్క్ ఎక్కువ..

* పిల్లలు, టీనేజర్లు
* ముందు నుంచే పాచి, గార, చిగుళ్ల వాపు ఉన్నవాళ్లు
* రక్తంలో మందు లెవల్ ఎక్కువగా ఉన్నవాళ్లు
* సైక్లోస్పోరిన్‌తో పాటు నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ లాంటి బీపీ గోలీలు వాడేవాళ్లు

ఈ చివరి పాయింట్‌ను చాలామంది పట్టించుకోరు. కిడ్నీ పేషెంట్లలో బీపీ చాలా కామన్. ఈ రకం బీపీ గోలీలు ఒంటరిగా కూడా చిగుళ్లను పెంచగలవు. నిఫెడిపిన్‌తో ఇది ఎక్కువ, ఆమ్లోడిపిన్‌తో తక్కువ. సైక్లోస్పోరిన్‌తో కలిస్తే ప్రభావం పెరుగుతుంది. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్‌కు కూడా ఇదే గుణం ఉంది. ఆ విషయం 1939 నాటికే వైద్యులు రాశారు. కాబట్టి పంటి డాక్టర్‌కు కిడ్నీ గోలీ ఒక్కటే కాదు, వేసుకునే ప్రతి గోలీ చూపించాలి.

చిగురు కింద ఏం జరుగుతోంది?

పన్ను చిగురులో గుచ్చినట్టు నిలబడదు. దాన్ని పట్టి ఉంచేవి నాలుగు: పైన చిగురు, వేరు మీద సిమెంటమ్ అనే పొర, వేరును ఎముకకు కట్టే సన్నని లిగమెంట్, చుట్టూ దవడ ఎముక. ఈ నాలుగింటినీ కలిపి పీరియోడాంటియం అంటారు. వీటికి ఇన్ఫెక్షన్ వచ్చి ఎముక కరిగితే పన్ను కదులుతుంది.

ఇక్కడ ఇమ్యూనోసప్రెసెంట్ మందులతో ఒక చిక్కు ఉంది. వాపు, ఎరుపు, నొప్పి అనేవి రోగనిరోధక వ్యవస్థ ఇచ్చే సిగ్నల్స్. ఆ వ్యవస్థనే అణచి ఉంచినప్పుడు సిగ్నల్ కూడా తగ్గుతుంది. లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా బయటికి పెద్దగా కనిపించకపోవచ్చు. 'నొప్పి లేదు కదా' అని ఊరుకుంటే కుదరదు. సైక్లోస్పోరిన్‌తో పెరిగిన చిగురు కూడా చాలామందిలో నొప్పి పుట్టించదు. కాబట్టి చూసి, కొలిచి, ఎక్స్‌రే తీసి చెప్పాల్సిందే.

ఇంకొకటి.. స్టెరాయిడ్లు ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో ఎముకలు గుల్లబారతాయి. దానికి కొందరికి జోలెడ్రోనిక్ యాసిడ్, అలెండ్రోనేట్, డెనోసుమాబ్ లాంటి మందులు ఇస్తారు. ఇవి వాడేవాళ్లకు పన్ను పీకిన చోట దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం అరుదుగా ఉంటుంది. 'ఆర్నెల్లకోసారి ఎముకల ఇంజెక్షన్ తీసుకుంటా' అని డాక్టర్‌కు చెప్పకుండా పన్ను తీయించుకోవద్దు.

తెల్ల పొర, పుండ్లు కనిపిస్తే?

నాలుక మీద, బుగ్గ లోపల పెరుగులాంటి తెల్లటి పొర, గీకితే కింద ఎర్రగా కనిపిస్తే అది క్యాండిడా ఫంగస్ కావొచ్చు. ఇక్కడే జాగ్రత్త! మెడికల్ షాపులో అడిగితే ఫ్లూకోనజోల్ గోలీ ఇచ్చేస్తారు. కానీ అది టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ లెవల్‌ను రక్తంలో పెంచుతుంది. లెవల్ పెరిగితే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. నోట్లో రాసుకునే క్లోట్రిమజోల్ కూడా టాక్రోలిమస్‌తో కలిసినప్పుడు లెవల్ పెంచగలదు. కిడ్నీ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాకే ఏదైనా మొదలుపెట్టాలి.

రెండు వారాలు దాటినా మానని పుండు, ఒక్క చోటే గడ్డలా పెరిగి రక్తం కారే చిగురు.. వీటిని మందు సైడ్ ఎఫెక్ట్ అని వదిలేయొద్దు. రోగనిరోధక శక్తిని చాలాకాలం అణచి ఉంచితే కొన్ని రకాల క్యాన్సర్ల రిస్క్ పెరుగుతుంది. అలాంటి చోట బయాప్సీ చేస్తేనే అసలు సంగతి తేలుతుంది. గుట్కా, తంబాకు, జర్దా అలవాటు ఉంటే ఇంకా తొందరపడాలి.

భీమవరం టు న్యూయార్క్: నోటి పుండ్ల వెనుక తెలుగు సైంటిస్ట్

కీళ్లవాతానికి ఇప్పుడు ప్రపంచమంతా వాడే మెథోట్రెక్సేట్ వెనుక మన తెలుగు మనిషి ఉన్నారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్లి లెడర్లీ ల్యాబ్స్‌లో పరిశోధన విభాగాన్ని నడిపారు. స్ప్రూ అనే వ్యాధితో సోదరులను కోల్పోయిన ఆయన, ఆ వ్యాధికి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో తన టీమ్‌తో తయారు చేయించారు. తర్వాత అదే ఫోలిక్ యాసిడ్‌కు అడ్డం పడే మందులను కూడా ఆ ల్యాబే తయారు చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. సుబ్బారావు అదే ఏడాది న్యూయార్క్‌లో కన్నుమూశారు.

నోటి లోపలి పొర కొన్ని రోజులకోసారి కొత్తగా తయారవుతుంది. దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. మెథోట్రెక్సేట్ దాన్ని అడ్డుకోవడం వల్లే నోట్లో పుండ్లు పడతాయి. అందుకే కీళ్ల డాక్టర్లు దీంతో పాటు ఫోలిక్ యాసిడ్ గోలీ కూడా రాస్తారు. అంటే సైడ్ ఎఫెక్ట్ ఇచ్చే మందు, దాన్ని తగ్గించే మందు.. రెండింటి మూలాలూ ఒకే తెలుగు సైంటిస్ట్ ల్యాబ్‌లో ఉన్నాయి!

ముఖ్యమైన హెచ్చరిక: కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదకు వస్తుంది. నోరంతా ఒక్కసారిగా పుండ్లు పడి, జ్వరం వస్తే అది మందు ఎక్కువైందన్న సిగ్నల్ కావొచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఇది వాడుతుంటే ఏ వారం వేసుకోవాలో, అంటే సోమవారమా మంగళవారమా అన్నది స్ట్రిప్ మీద పెన్నుతో రాసిపెట్టండి.

చిగురు కోసం కిడ్నీ గోలీ ఆపితే?

చిగుళ్లు అసహ్యంగా కనిపిస్తున్నాయని, ముఖ్యంగా పెళ్లీడు పిల్లలు, కాలేజీకి వెళ్లేవాళ్లు గోలీలు మానేయాలని అనుకోవడం సహజమే. కానీ డోస్‌లు తప్పితే రోగనిరోధక వ్యవస్థ మేల్కొని కిడ్నీ మీద దాడి చేస్తుంది. దీన్నే రిజెక్షన్ అంటారు. మొదట్లో ఏ నొప్పీ తెలియకపోవచ్చు. రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగినట్టు కనిపించేసరికి నష్టం జరిగిపోయి ఉండొచ్చు. అమ్మో, నాన్నో, తోడబుట్టినవాళ్లో ఇచ్చిన కిడ్నీ పోతే మళ్లీ డయాలసిస్సే. ఇంకో కిడ్నీ దొరకడం ఎంత కష్టమో ఆ కుటుంబాలకు చెప్పక్కర్లేదు.

మందు మార్చాల్సిన అవసరం ఉంటే కిడ్నీ డాక్టరే మారుస్తారు. చాలామందిలో సైక్లోస్పోరిన్ తీసి టాక్రోలిమస్ పెడితే చిగుళ్లు కొన్ని నెలల్లో తగ్గుతాయి. అయితే టాక్రోలిమస్‌తో షుగర్ వచ్చే రిస్క్ ఎక్కువ. అందుకే ఎవరికి మార్చాలన్నది ఒక్కొక్కరినీ చూసి నిర్ణయిస్తారు.

ట్రీట్‌మెంట్ ఏముంది?

* క్లీనింగ్: మొదటి మెట్టు ఇదే. గార తీయించి, బ్రషింగ్ సరిచేస్తే వాపు భాగం తగ్గుతుంది. కొందరికి ఇంతటితోనే సరిపోతుంది.
* మందు మార్పు: సైక్లోస్పోరిన్‌కు బదులు టాక్రోలిమస్, నిఫెడిపిన్‌కు బదులు వేరే రకం బీపీ గోలీ. నిర్ణయం కిడ్నీ డాక్టర్‌దే.
* అజిత్రోమైసిన్: కొద్దిరోజుల కోర్సుతో కొందరిలో చిగుళ్లు తగ్గాయని పరిశోధనల్లో తేలింది. ఇది డాక్టర్ రాస్తేనే వాడాలి. ఇదే కుటుంబంలోని ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ మాత్రం సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ లెవల్‌ను బాగా పెంచుతాయి. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదానికి బదులు ఇంకోటి వాడొద్దు.
* సర్జరీ: చిగురు పంటిని కప్పేసి, నమలడానికి అడ్డమైతే ఎక్కువైన భాగాన్ని బ్లేడుతోనో, లేజర్‌తోనో తీసేస్తారు. దీన్ని జింజివెక్టమీ అంటారు. అదే మందు కొనసాగి, పాచి కూడా ఉంటే మళ్లీ పెరిగే అవకాశం ఉంది.

వరంగల్‌లో క్లినిక్‌కు వెళ్లే ముందు ఈ చెక్‌లిస్ట్

చిగుళ్ల సమస్యలు చూసే స్పెషలిస్ట్‌ను పీరియోడాంటిస్ట్ అంటారు. బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్ చేస్తారు. తెలంగాణలోని డెంటల్ కోర్సులు మన వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కిందే నడుస్తాయి. హైదరాబాద్ చెకప్‌కు వెళ్లే రోజునే పంటి పని కూడా చూసుకోవాలనుకుంటే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రి ఉంది.

1. డిశ్చార్జ్ సమ్మరీ, తాజా మందుల చీటీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.
2. చివరి క్రియాటినిన్, మందు లెవల్, బ్లడ్ కౌంట్ రిపోర్టులు చూపించండి.
3. కిడ్నీ డాక్టర్ లేదా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ నంబర్ పంటి డాక్టర్‌కు ఇవ్వండి.
4. మార్పిడి జరిగి ఆర్నెల్లు కాకపోతే ముందే చెప్పండి. అప్పుడు మందుల డోస్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఎమర్జెన్సీ కాని పనులు సాధారణంగా వాయిదా వేస్తారు.
5. పన్ను తీసే ముందు యాంటీబయోటిక్ కావాలా వద్దా అన్నది డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం.

పంటి నొప్పికి షాపులో గోలీ.. వద్దే వద్దు!

పంటి నొప్పి వస్తే మెడికల్ షాపుకో, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికో వెళ్లి నొప్పి గోలీ తెచ్చుకోవడం మన దగ్గర మామూలే. మార్పిడి జరిగినవాళ్లకు ఇది ప్రమాదం. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి గోలీలు కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ కూడా అదే చేస్తాయి. రెండూ కలిస్తే ఒక్క కిడ్నీ మీద డబుల్ దెబ్బ. చాలామందికి పారాసెటమాల్ సేఫ్ ఆప్షన్. అది కూడా డాక్టర్ చెప్పిన డోస్‌లోనే.

పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ కూడా ఈ మందుల లెవల్‌ను పెంచుతాయి. తినకపోవడమే మంచిది.

ఇంట్లో ఏం చేయాలి?

* రోజుకు రెండుసార్లు, మెత్తటి బ్రష్‌తో, ఫ్లోరైడ్ పేస్ట్‌తో పండ్లు తోముకోవాలి. రాత్రి తోమడం అస్సలు మానొద్దు.
* రక్తం వస్తోందని బ్రష్ ఆపితే పాచి పెరిగి రక్తం ఇంకా ఎక్కువవుతుంది. ఒత్తకుండా నెమ్మదిగా తోమండి.
* పళ్ల మధ్య సందులకు చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడండి. ఎలా వాడాలో డాక్టర్ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి.
* వాచిన చిగురు మీద వేప పుల్ల, బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి రుద్దొద్దు. గాయమైతే ఇన్ఫెక్షన్‌కు దారి ఇచ్చినట్టే.
* క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టర్ చెప్పినన్ని రోజులే. ఎక్కువకాలం వాడితే పళ్లకు మరకలు పడతాయి.
* 3 నుంచి 6 నెలలకోసారి పంటి చెకప్ చేయించుకోండి.
* మార్పిడి ఇంకా జరగలేదా? అయితే మీకు టైమ్ ఉంది. డయాలసిస్‌లో ఉన్నప్పుడే పుచ్చిన పళ్లు, గార, చిగుళ్ల వాపు క్లియర్ చేసుకోండి. అయితే డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి పన్ను తీయించుకోవాలంటే సాధారణంగా మర్నాడు చేస్తారు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

* ముఖం లేదా దవడ వాపుతో పాటు జ్వరం
* నోరు తెరవలేకపోవడం, మింగడం లేదా ఊపిరి కష్టం కావడం
* ఆగకుండా చిగుళ్ల నుంచి రక్తం
* ఒక్కసారిగా నోరంతా పుండ్లు

మార్పిడి జరిగినవాళ్లలో జ్వరం తక్కువగా ఉన్నా లోపల ఇన్ఫెక్షన్ పెద్దదై ఉండొచ్చు. రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి, దారిలోనే కిడ్నీ డాక్టర్‌కు ఫోన్ చేయండి.

మొత్తంగా గుర్తుపెట్టుకోవాల్సినవి మూడే. గోలీ ఆపొద్దు. పాచి ఉంచొద్దు. పంటి డాక్టర్‌కు, కిడ్నీ డాక్టర్‌కు ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా ఏ మందూ వేసుకోవద్దు. ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. మీ డోస్, మీ రిపోర్టులు చూసి ఫైనల్‌గా చెప్పాల్సింది మీ డాక్టరే. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో మార్పిడి చేయించుకున్నవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఉంటే వాళ్లకు ఇది షేర్ చేయండి.